పండగ పిల్లి పాలవడం

ఐస్‌లాండ్ భాషలో ఒక నుడికారం వారం రోజులుగా నన్ను వదలడం లేదు: ‘ఫారా ఈ యోలాకొత్తిన్’. యోల్ అంటే క్రిస్మస్, కొత్తుర్ అంటే పిల్లి. పండగకి కొత్తబట్ట ఒక్కటీ దొరకనివాళ్లని ఓ పిల్లి తినేస్తుందని అక్కడి కథ, అలాంటివాళ్ల గురించే ఈ మాట అంటారు. ముక్కకి ముక్క తెలుగు చేస్తే ‘పండగ పిల్లిలోకి పోవడం’.

పిల్లి దగ్గరికి కాదు, పిల్లిలోకి! ఆ నుడికారం మధ్యలో ఉన్న ‘ఈ’ అనే ఐస్‌లాండ్ మాట తర్వాత నామం ద్వితీయలో ఉంటే ‘లోకి’, చతుర్థిలో ఉంటే ‘లో’. ఇక్కడున్నది ద్వితీయ. మింగేసిందని విడిగా చెప్పక్కర్లేదు, ఆ పని విభక్తే చేసేసింది. చదివినప్పుడు నిజంగా ఒళ్లు జలదరించింది.

ఈ భయం వెనక ఉన్ని పని ఉందంటారు. ఏకడం, వడకడం, అల్లడం అన్నీ పండగలోపు ముగియాలి. పని చేసినవాళ్లకి యజమాని ఓ కొత్తబట్టో చెప్పుల జతో ఇచ్చేవాడు. ఏదీ అందనివాళ్లు పిల్లికి ఆహారం. ఇప్పటి కథల్లో అది గ్రీలా అనే రాకాసి ఇంటి పిల్లి. 2018 నుంచి రాజధాని రేక్యవిక్ నడిబొడ్డున పండగ రోజుల్లో దీపాలతో దాని పెద్ద బొమ్మ నిలబెడుతున్నారు.

తెలుగులో ఏమందాం? ‘పిల్లి నోట్లో పడటం’ నాకు నచ్చలేదు, అది ప్రమాదంలా ఉంది. నా ఓటు ‘పండగ పిల్లి పాలవడం’కి. దొంగలపాలు, నీళ్లపాలు, మంటలపాలు అన్నట్టే. పైగా పాలు అంటే వాటా కూడా. 1862–64లో అచ్చయిన యోన్ ఔర్‌నసన్ జానపద కథల సంకలనంలో ఈ పిల్లి మనిషినైనా పట్టుకుపోతుంది, లేదంటే ఆ మనిషి వంతుకి వచ్చిన పండగ తిండినైనా తీసుకుపోతుంది. మనిషి పోయినా వాటా పోయినా ఆ ఒక్క మాటే సరిపోతుంది కదా!

చదివినవాళ్లు అడిగినవీ, నా జవాబులూ:

— కొత్తుర్ అన్నది మన ‘కొత్త’లా వినిపిస్తోందండీ. కొత్తబట్టల కథే కాబట్టి ఏమైనా చుట్టరికం ఉందా?

— లేదండీ, కేవలం ధ్వని పోలిక. కొత్తుర్‌కి చుట్టం ఇంగ్లీషు క్యాట్. మన కొత్త ద్రావిడ మాట.

— ‘పిల్లి పాలు’ అనగానే పిల్లి తాగే పాలే గుర్తొస్తాయి గురువుగారూ. ‘పిల్లికి బలవడం’ అంటే?

— ఆ చిక్కు నిజమే. అందుకే ‘పాలవడం’ అని క్రియతో కలిపే వాడాలి, విడదీయకూడదు. ‘బలి’ అంటే మాత్రం ఎవరో ఇచ్చినట్టవుతుంది. ఇక్కడ ఎవరూ ఇవ్వలేదు. ఎవరూ ఏమీ ఇవ్వకపోవడం వల్లే పిల్లి వచ్చింది. ‘ఈసారి నాకు చొక్కా కొనకపోతే పిల్లి పాలైపోతానమ్మా’ అని ఓ పిల్లాడు అన్నట్టు ఊహించి చూడండి, చెవికి ఎలా ఉంది?