అష్టావధాన సాధన: వేగంగా చెబితే తప్పులు, నెమ్మదిస్తే అనుమానాలు

ప్రశ్న: ఎం.ఏ. విద్యార్థి, రాజమహేంద్రవరం

అందరికీ నమస్కారం. తెలుగు ఎం.ఏ. చదువుతూ అష్టావధానం (ఎనిమిది మంది అడిగేవాటికి సభలో అప్పటికప్పుడు బదులు చెప్పే ప్రక్రియ) సాధన చేస్తున్నాను. ప్రస్తుతానికి పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవారు, నా స్నేహితులే. కాగితం మీద కందం రాయడానికి ఇబ్బంది లేదు. నలుగురు ఎదురుగా కూర్చుని సమస్య (పూరించమని ఇచ్చే పద్యపాదం) ఇచ్చేసరికి మాట తనంతట తానే పరుగందుకుంటుంది. నన్ను కలవరపెడుతున్నది ఏమిటంటే, అలా గబగబా చెప్పినప్పుడే పద్యం బాగా కుదిరిందని గట్టి నమ్మకం కలుగుతుంది. తరవాత రికార్డు వింటే ఆరో గణంలో అక్కడ రాకూడని భగణం పడి ఉంటుంది, లేదంటే యతి తప్పి ఉంటుంది. పట్టుబట్టి నెమ్మదిగా చెబితే తప్పులు తగ్గుతాయి గానీ, ప్రతి మాట దగ్గరా ఇది సరైనదేనా అన్న అనుమానం మొదలై ధార తెగిపోతుంది. వేగం పెంచాలా, తగ్గించాలా? అనుభవం ఉన్నవారు చెప్పండి.

జవాబు 1: విశ్రాంత తెలుగు పండితుడు, తెనాలి

నాయనా, వేగం సంగతి తరవాత చూద్దాం. ముందు నీకా నమ్మకం ఎక్కడి నుంచి వస్తున్నదో గమనించు. నోరు ఆగకుండా సాగిపోతే చెవికి అది పద్యంలాగే వినిపిస్తుంది. తడుముకోకుండా చెప్పడం వేరు, తప్పు లేకుండా చెప్పడం వేరు. మనసు ఈ రెండింటినీ ఒకటే అనుకుంటుంది. నేను చాలా ఏళ్లు పృచ్ఛకుడిగా కూర్చున్నాను, ఎక్కువగా సమస్య, దత్తపది (ఇచ్చిన మాటలను పద్యంలో ఇమిడ్చి చెప్పమనడం). కొత్త అవధానులు కఠినమైన సమస్య దగ్గర తప్పడం తక్కువ. సులువుగా కనిపించిన దాని దగ్గరే తొందరపడతారు, అక్కడే గణం పోతుంది.

అవధానం ఏర్పాటులోనే ఈ తొందరకు విరుగుడు ఉంది. ఒక్కో ఆవృత్తిలో, అంటే ఒక్కో చుట్టులో, ఒక్కో పృచ్ఛకుడికి ఒక్క పాదమే చెబుతావు. పృచ్ఛకుడు రాసుకోవడానికి వీలుగా దాన్ని మళ్లీ చదువుతావు. ఆ రెండోసారి చదవడం ఆయన కోసమే అనుకోకు. నోరు ఆ పాదాన్ని తిరిగి పలుకుతున్నప్పుడు గణం ఎక్కడైనా కుంటిందేమో చెవి చూసుకుంటుంది. దాన్ని ఎగరగొట్టే అవధానులను చూస్తే నాకు బాధగా ఉంటుంది. నాలుగు ఆవృత్తులూ అయ్యాక ధారణలో అన్నీ అప్పగించాలి గదా, పాదం మొదట ఏ నడకలో పలికావో ఆ నడకలోనే తిరిగి వస్తుంది. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం యతి. ధారణలో ఒక్క అక్షరం జారినా ఛందస్సే పట్టిస్తుంది. కానీ పట్టించడానికి దానికి కాస్త వ్యవధి కావాలి, అది నువ్వే ఇవ్వాలి.

నిషిద్ధాక్షరి ఎక్కువగా చెయ్యి. నువ్వు అక్షరం చెప్పగానే, దాని తరవాత ఏది రాకూడదో పృచ్ఛకుడు చెబుతాడు. ఇక పరుగెత్తే వీలే ఉండదు. ఆగడం అక్కడ అలవాటవుతుంది. నువ్వన్న అనుమానం నెమ్మదివల్ల పుట్టలేదు, ఆగినచోట ఏం చేయాలో తెలియక పుట్టింది. ఆగినప్పుడు తరవాతి మాట కోసం వెతకవద్దు. పాదాన్ని మొదటి నుంచి మళ్లీ పలుకు. మాట దానంతట అదే అందుతుంది.

జవాబు 2: మృదంగ ఉపాధ్యాయిని, విజయనగరం

తమ్ముడూ, మాస్టారు చెప్పినదానికి తోడు కందం వరకూ ఒకటి చేసి చూడు. కందంలో వాడే గగ, భ, జ, స, నల గణాలన్నీ నాలుగేసి మాత్రలవే. మొదటి పాదంలో మూడు, రెండో పాదంలో ఐదు, వెరసి ఎనిమిది గణాలు. అంటే సగం పద్యం చతురశ్ర గతిలో ఒక ఆది తాళం ఆవర్తనానికి సరిగ్గా సరిపోతుంది!

అందరికీ వచ్చిన "అక్కరకు రాని చుట్టము" తీసుకో. క్రియకు (తాళంలో చేతి ఒక్కో కదలికకు) ఒక గణం చొప్పున చేత్తో తాళం వెయ్యి. "మ్రొక్కిన" మధ్య వేలు దగ్గర వస్తుంది. ఆరో గణం "ని వేల్పు" మొదటి ద్రుతంలో (ఒక దెబ్బ, ఒక తిప్పు కలిసిన భాగం) చెయ్యి తిప్పేచోట పడుతుంది. ఆ వెంటనే చివరి ద్రుతం దెబ్బ మీద "మో", అదే యతి. నువ్వు తప్పుతున్న రెండు చోట్లూ పక్కపక్కనే ఉన్నాయి చూశావా? తాళం గణదోషాన్ని పట్టుకోదు, భగణమైనా జగణమైనా నాలుగు మాత్రలే కాబట్టి. కానీ ఎక్కడ మెలకువగా ఉండాలో చెయ్యి ముందే చెబుతుంది.

భయం వేస్తే మా పిల్లలకూ కాలప్రమాణం, అంటే తాళం వేగం, పెరుగుతుంది. అందుకే అన్నిటికన్నా నెమ్మదైన మొదటి కాలంలో ఎక్కువసేపు వాయిస్తాం. వినేవాళ్లకు తేలికగా కనిపిస్తుంది గానీ, మూడు కాలాల్లో కష్టమైనది అదే. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న ఖాళీని లోపల లెక్కపెట్టుకోవడం వచ్చిన పిల్లలు పై కాలంలో తడబడరు.

జవాబు 3: లెక్కల టీచరు, కరీంనగర్

తాళం మంచిదే, ఒక్క జాగ్రత్త. ఎక్కాలను రాగం తీసి వల్లించే పిల్లలు ఏడో ఎక్కాన్ని గడగడా అప్పగిస్తారు. ఏడు ఎనిమిదులు ఎంత అని విడిగా అడిగితే మళ్లీ ఏడు ఒకట్ల నుంచి మొదలుపెడతారు. అందుకే వల్లింపు అయ్యాక వరస చెదరగొట్టి అడుగుతాను. మీరు కూడా పాదం మధ్యలో స్నేహితులతో గంట కొట్టించుకోండి, అప్రస్తుత ప్రసంగం (మధ్యలో సంబంధం లేని మాటలతో దృష్టి మళ్లించడం) చేయించుకోండి. తెగిన చోటి నుంచి అదే నడకలో అందుకోగలిగితేనే అది మీకు వచ్చినట్టు.

ప్రశ్న అడిగిన విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. అక్కా, తాళం వేసి చూశాను. ఆరో గణానికి వచ్చేసరికి చెయ్యి తిరుగుతుంటే మనసు కూడా అక్కడ ఒక క్షణం నిలుస్తోంది. మాస్టారూ, మరి వృత్తాలకూ ఇలా తాళం వేసుకోవచ్చా?

జవాబు 1 రాసినవారు

వద్దు నాయనా. ఉత్పలమాల గణాలు భ, ర, న, భ, భ, ర, వ. మాత్రల్లో చూస్తే 4, 5, 3, 4, 4, 5, 3. సమానమైన దెబ్బలకు అది ఒదగదు, బలవంతంగా ఒదిగిస్తే వృత్తం నడకే పోతుంది. పదో అక్షరం దగ్గర గొంతు కాస్త ఊని చదువు, చాలు. కొన్నాళ్లు ఉత్పలమాల ఒక్కటే పట్టుకో. చంపకమాలలో మొదటి గురువు స్థానంలో రెండు లఘువులు వస్తాయి, తక్కినదంతా ఇదే నడక. రెండూ కలిపి సాధన చేస్తే మొదట్లో ఒకదానిలోంచి మరొకదానిలోకి జారిపోతావు.