లూసియానాని నెపోలియన్ ఎందుకు అమ్మేసిండు?

చిక్కడపల్లి లైబ్రరీ బ్యాచ్:
అన్నా, 1803ల ఫ్రాన్స్ చేతిలున్న లూసియానా ప్రాంతాన్ని కోటిన్నర డాలర్లకి కొంటే అమెరికా సైజు డబుల్ అయింది కదా, అంత చవగ్గా ఎందుకిచ్చిండు? కోచింగ్ నోట్స్‌ల ఒక్క లైనే ఉంది.

హిస్టరీ పిచ్చి:
ఫ్రాన్స్ వలస హైతీ చూడు తమ్మీ. అక్కడ బానిసలు తిరగబడ్డరు, పంపిన ఫ్రెంచ్ సైన్యం ఎల్లో ఫీవర్‌తోని చాలావరకు పోయింది, ఇంగ్లండ్‌తో యుద్ధం నెత్తి మీదకొచ్చింది, పైసల్ కావాలె. అమెరికా దూతలు లివింగ్‌స్టన్, మన్రో అడిగింది న్యూ ఆర్లీన్స్ కోసం, మిసిసిపీ మీదొచ్చే సరుకంతా ఆ రేవు నుంచే దాటాలె కాబట్టి. ఫ్రెంచోళ్ళే మొత్తం లూసియానా తీస్కోమన్నరు.

గ్రూప్స్ అక్క:
భూమి కొనే అధికారం రాజ్యాంగంలో లేదని అప్పటి అమెరికా అధ్యక్షుడు జెఫర్సనే మథనపడ్డాడు, సవరణ డ్రాఫ్ట్ కూడా రాశాడు. చివరికి సెనేట్ 24-7తో ఒప్పందం ఓకే చేసింది. మెయిన్స్‌లో ఇది తప్పకుండా రాయి.

నల్లకుంట:
అక్కడే బతుకుతున్న ఓసేజ్ తెగని ఎవరూ అడగలేదు, నాకు అదే బాధ. 1808లో వాళ్ళతో సంతకాలు పెట్టించుకుని మిస్సోరీలో చాలా భాగం లాక్కున్నారు.