ఈ వారం సమస్య (ఈ పాదం చివర వచ్చేలా పద్యం పూరించాలి): "తాతకు మనుమండు తండ్రి యయ్యె"

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం. ఐదూ సూర్యగణాలే (గలం అంటే గురువు, లఘువు; లేదా నగణం అంటే మూడు లఘువులు), యతి తా–తం. వరుసలు తలకిందులయ్యాయని కంగారు పడకండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే సగం పద్యం తయారుగానే ఉంటుంది.

గట్టుమీది మాష్టారు:

తనదు తండ్రి పేరు తన మనుమని కిడి
"నాన్న!" యంచుఁ బిలుచు నాల్గుమార్లు
తిట్ట నోరు రాదు తీసి దాచినఁ జోడు
తాతకు మనుమండు తండ్రి యయ్యె

నిర్వాహకుడు: మన ఇళ్ళ సంగతే, హాయిగా ఉంది. ఒక్క సందేహం: జోడు అంటే చెప్పులా, కళ్ళజోడా?

గట్టుమీది మాష్టారు: రెండూ దాచాడండీ!

పురాణప్రియ:

బొడ్డుఁదమ్మి నలువఁ బుట్టించి హరి తాను
కశ్యపునకు వడుగు గాఁగఁ బుట్ట
వరుసఁ జూడ నలువ వానికిఁ దాతయౌ
తాతకు మనుమండు తండ్రి యయ్యె

నిర్వాహకుడు: ఊహ బాగుంది, లెక్క తప్పింది. నలువ, అంటే బ్రహ్మ, కొడుకు మరీచి, మరీచి కొడుకు కశ్యపుడు. అంటే మీ వడుగు, వామనుడు, బ్రహ్మకి మునిమనుమడు. రెండో పాదాన్ని "అత్రిమునికి దత్తుఁ డగుచుఁ బుట్ట" అని మార్చండి. అత్రి బ్రహ్మ మానసపుత్రుడే కాబట్టి వరుస కుదురుతుంది. పైగా భాగవతం పదకొండో స్కంధంలో అవధూత చెప్పిన 24 మంది గురువుల్లో పసివాడూ ఒకడు. ఆ అవధూత దత్తాత్రేయుడేనని పెద్దలంటారు. మన సమస్యకి ఇంతకన్నా దగ్గరి చుట్టం దొరకడు.

పురాణప్రియ: సవరించుకున్నాను, ధన్యవాదాలు. ఒక తరం మింగేశాను!

డాలస్ తాతయ్య: మొన్న పొద్దున జరిగిందే రాశాను.

జపముఁ జేయుచుండి చరవాణి నేఁ జూడ
"తాతా! దేవుఁ డలిగి తరలు" ననుచు
చేతిలోని దానిఁ జిన్నగా లాగెను
తాతకు మనుమండు తండ్రి యయ్యె

నిర్వాహకుడు: రెండో పాదం మొదట్లో గలం రావాలి, మీకు రెండు గురువులు పడ్డాయి. "తాత!" అంటే సరిపోతుంది.

డాలస్ తాతయ్య: సరేనండీ. వాడు మాత్రం దీర్ఘం తీసే పిలిచాడు. నాలుగేళ్ళవాడు, గణాలు తెలియవు.

పురాణప్రియ: పద్యం బాగుంది కానీ బాబాయిగారూ, ఇక్కడ మనవడు గురువయ్యాడు. తండ్రి ఎలా అయ్యాడు? సమస్య తీరలేదనిపిస్తోంది.

నిర్వాహకుడు: నాకూ అదే అనిపించింది. మూడో పాదంలో ఆ సూచన ఉండాలి.

డాలస్ తాతయ్య: పద్యంలో పట్టలేదండీ, వచనంలో చెబుతాను. చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెబుతూ గుప్పెట్లో గోళీలు తిప్పుతుంటే మా నాన్న కొట్టేవారు కాదు, కేకలేసేవారూ కాదు. ఒక్కో వేలూ విప్పి, గోళీలు తీసుకుని, పక్కన పెట్టి "ఊఁ, చెప్పు" అనేవారు. మొన్న వీడూ అలాగే నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. ఫోన్ పీటమీద పెట్టి "ఊఁ" అన్నాడు.