1588 స్పానిష్ ఆర్మడా వైఫల్యం: గాలివానా, ఫిరంగులా, పథకమా?

తెరచాప:

మిత్రులకు నమస్కారం. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ ఇంగ్లండ్ మీదికి పంపిన మహా నౌకాదళం కథను "తుఫానులో మునిగిపోయింది" అన్న ఒక్క మాటతో ముగించడం చాలామందికి అలవాటు. ఆ మాట ఇప్పటిది కాదు. యుద్ధం ముగిసిన కొద్దికాలానికే, స్పెయిన్ మీద తిరగబడ్డ డచ్చివారు ముద్రించిన పతకం మీద, దేవుడు ఊదగానే శత్రువులు చెల్లాచెదురయ్యారన్న అర్థం వచ్చే లాటిన్ వాక్యం కనిపిస్తుంది. దేవుడు తమ పక్షాన ఉన్నాడని చెప్పుకోవడం గెలిచినవారికి అవసరమైంది, తాము మనుషుల చేతిలో ఓడలేదని చెప్పుకోవడం ఓడినవారికి ఊరటనిచ్చింది. ఇరుపక్షాలకూ పనికివచ్చిన కథ కాబట్టే అది ఇంతకాలం నిలిచిందని నా అనుమానం.

తేదీలను వరుసగా చూస్తే ఆ కథ నిలబడదు. దాదాపు 130 ఓడలు 1588 మే నెలాఖరున లిస్బన్ రేవు విడిచాయి. జూలై 29న వాటికి ఇంగ్లండ్ నైరుతి తీరంలోని లిజర్డ్ కొస కనిపించింది. ఆగస్టు 6న అవి ఫ్రాన్స్ తీరంలోని కలే రేవు ముందు లంగరు వేశాయి. 7వ తేదీ రాత్రి ఇంగ్లీషువారు నిప్పంటించిన ఎనిమిది ఓడలను వాటి మీదికి వదిలారు. 8న కలేకు తూర్పున ఉన్న గ్రావ్లీన్ దగ్గర పెద్ద పోరు జరిగింది. 9వ తేదీ నాటికి ఆర్మడా ఉత్తర సముద్రంలోకి నెట్టబడింది, కలేకు ఆవలి ఫ్లాండర్స్ ప్రాంతంలో ఎదురుచూస్తున్న స్పానిష్ సైన్యాన్ని ఇంగ్లండ్‌కు దాటించే అవకాశం అంతటితో పోయింది. ఐర్లండ్ పడమటి తీరంలో ఓడలు బద్దలైన ఘోరాలు ప్రధానంగా సెప్టెంబరులో జరిగినవి. ఇన్ని వారాల తరువాత వచ్చిన తుఫాను ఆగస్టు 9 నాటి వైఫల్యానికి కారణం ఎలా అవుతుంది? (ఇవి కొత్త క్యాలెండరు తేదీలు. ఇంగ్లండ్ అప్పటికి పాత క్యాలెండరునే పాటించేది కనుక ఇంగ్లీషు కథనాల్లో ఇవే సంఘటనలు పది రోజులు ముందుగా కనిపిస్తాయి. ఎవరైనా వేరే తేదీలు చెబితే ముందుగా ఈ తేడాను చూసుకోమని మనవి.)

గాలివాటం:

తెరచాప గారూ, వాతావరణం అనగానే మీరు సెప్టెంబరు తుఫానును మాత్రమే లెక్కలోకి తీసుకున్నారు. ఆ ఏడాది వేసవి మొత్తం సముద్రం అల్లకల్లోలంగానే ఉంది. జూన్‌లో స్పెయిన్‌లోని కొరున్నా రేవు దగ్గర గాలివానకు ఆర్మడా చెదిరిపోయింది. ఓడలను మళ్ళీ కూడగట్టుకుని, మరమ్మతులు చేసుకుని, పాడైన తిండి స్థానంలో కొత్తది ఎక్కించుకుని బయలుదేరేసరికి జూలై 21 వచ్చింది. సేనాని మదీనా సిదోనియా ప్రభువు ఆ విరామంలోనే, శత్రువుతో ఏదో ఒక ఒప్పందానికి రావడం మేలని రాజుకు ఉత్తరం రాశాడంటే పరిస్థితి ఎంత దిగజారిందో ఊహించవచ్చు.

గ్రావ్లీన్ పోరు మరుసటి రోజును కూడా గమనించండి. ఆగస్టు 9 ఉదయం ఓడలు డచ్చి తీరమైన జీలండ్ ఇసుక మేటల వైపు కొట్టుకుపోతూ, ఇక నేలను తాకడం ఖాయమనుకున్న సమయంలో గాలి నైరుతికి మళ్ళింది. ఆ గాలే వాటిని కాపాడింది, వెనక్కి తిరిగి ఫ్లాండర్స్ సైన్యం దగ్గరకు చేరే దారిని మూసివేసిందీ ఆ గాలే. ఫిలిప్ 1596లోనూ 1597లోనూ పంపిన నౌకాదళాలను ఇంగ్లండ్ ఫిరంగి ఒక్కటీ తాకలేదు, రెండింటినీ తుఫానులే చెదరగొట్టాయి. మూడుసార్లు ఒకే శత్రువు అడ్డుపడితే ఆ శత్రువును పక్కన పెట్టడం న్యాయం కాదు.

పాతఫిరంగి:

మీరిద్దరూ ఇంగ్లీషువారి ప్రస్తావన లేకుండానే యుద్ధం ముగిస్తున్నారు. వారి ఫిరంగులు నాలుగు చిన్న చక్రాల పీటల మీద ఉండేవి కనుక, పేల్చిన తరువాత లోపలికి లాగి, మందు కూరి, మళ్ళీ ముందుకు తోయడం ఓడ లోపలి నుంచే సాధ్యమయ్యేది. స్పానిష్ ఓడల్లో చాలా ఫిరంగులు పొలంలో వాడే బండ్ల వంటి పెద్ద చక్రాల వాహనాల మీద ఉండేవి, ఇరుకైన అంతస్తులో వాటిని తిప్పడమే కష్టం. స్పానిష్ పద్ధతి ప్రకారం ఫిరంగులను ఒకేసారి పేల్చి, శత్రువు ఓడకు కొక్కేలు తగిలించి, సైనికులు దూకి కత్తులతో ముగించాలి. అందుకే ఓడల్లో నావికుల సంఖ్య ఎనిమిది వేల దగ్గర ఉంటే సైనికుల సంఖ్య దానికి రెట్టింపు కంటే ఎక్కువ. జాన్ హాకిన్స్ పర్యవేక్షణలో తీర్చిదిద్దిన ఇంగ్లీషు రాజనౌకలు ఎత్తు తక్కువగా, వేగంగా ఉండి, ఆ కొక్కేలకు అందే దూరంలోకి రానేలేదు.

ఐర్లండ్ తీరంలో మునిగిన ఓడలను 1960ల చివరి నుంచి గజ ఈతగాళ్ళు వెలికితీయడం మొదలుపెట్టారు. ఆ శిథిలాలలో పేల్చని పెద్ద గుండ్లు విస్తారంగా దొరికాయి. కైనగో బే దగ్గర దొరికిన లా త్రినిదాద్ వాలెన్సెరా ఓడలో కోటగోడలు పగలగొట్టడానికి ఉద్దేశించిన ముట్టడి ఫిరంగులు ఉన్నాయి, సముద్రపు పోరులో వాటివల్ల ప్రయోజనం లేదు. గ్రావ్లీన్‌లో ఇంగ్లీషువారు దగ్గరకు వచ్చి కాల్చినప్పుడు దీటుగా బదులు చెప్పగల వేగం స్పానిష్ ఫిరంగిదళానికి లేకపోయింది. ఫిరంగుల దగ్గర ఓడినవారు పథకాన్నో గాలినో నిందించడం నాకు నచ్చదు.

తెరచాప:

పాతఫిరంగి గారూ, ఫిరంగుల వేగం గురించి మీరు చెప్పిన దానితో నాకు విభేదం లేదు, కానీ దాని ఫలితాన్ని కూడా లెక్కించాలి. ప్లిమత్ నుంచి కలే వరకు వారం రోజుల పాటు మూడు పోరులు జరిగినా, ఇంగ్లీషు గుండ్ల వల్ల మునిగిన స్పానిష్ ఓడ ఒక్కటీ లేదు. రొసారియో అనే ఓడ సొంత ప్రమాదాల్లో కొయ్యస్తంభాన్ని పోగొట్టుకుని ఇంగ్లీషు నౌకానాయకుడు డ్రేక్ చేతికి చిక్కింది. సాన్ సాల్వదోర్ ఓడ లోపలి తుపాకీమందు పేలి పాడైంది. అర్ధచంద్రాకారంలో కదిలిన మిగిలిన దళం దాదాపు చెక్కుచెదరకుండా కలే చేరింది. అంటే నౌకాదళం తనకు అప్పగించిన పనిలో మొదటి సగాన్ని, అంటే ఇంగ్లండ్‌కూ ఫ్రాన్స్‌కూ మధ్యనున్న ఛానెల్ దాటడాన్ని, పూర్తి చేసింది. రెండో సగమే అసాధ్యమని తేలింది.

1586లో స్పెయిన్ నౌకాధిపతి సాంతా క్రూజ్ ప్రభువు అయిదు వందలకు పైగా ఓడలతో, సైన్యాన్నంతా స్పెయిన్ నుంచే ఎక్కించుకుని నేరుగా ఇంగ్లండ్ మీద దిగాలని సూచించాడు. దాదాపు అదే కాలంలో ఫ్లాండర్స్‌లోని స్పానిష్ సైన్యానికి సేనాని అయిన పార్మా ప్రభువు, ఎవరికీ తెలియకుండా ముప్పై వేల మందిని చదునైన పడవల్లో ఒక్క రాత్రిలో దాటిస్తానని రాశాడు. మొదటిది ఖజానా భరించలేనంత ఖరీదైనది, రెండోది రహస్యం బయటపడితే నిలవనిది. రాజు మాడ్రిడ్ దగ్గరి తన ఎస్కోరియల్ ప్రాసాదంలో కూర్చుని రెండింటినీ కలిపాడు: లిస్బన్ నుంచి మోస్తరు నౌకాదళం వెళ్ళి, ఫ్లాండర్స్ నుంచి వచ్చే పడవలకు కాపలా కాయాలి. రెండు పడవల మీద కాళ్ళు పెట్టడమంటే ఇదే. మొదటి పథకంలోని బలమూ మిగలలేదు, రెండో పథకంలోని రహస్యమూ మిగలలేదు.

ఇంత సైన్యం ఎక్కడ, ఎలా కలవాలన్న ప్రశ్నకు ఆజ్ఞలలో సరైన జవాబు లేదు. ఫ్లాండర్స్ తీరంలో సముద్రం లోతు తక్కువగా ఉండి, ఇసుక మేటలు మైళ్ళ దూరం పరుచుకుని ఉంటాయి. భారీ ఓడలు నిలవగల లోతైన రేవు ఫ్లషింగ్, అది శత్రువుల చేతిలో ఉంది. స్పెయిన్ అధీనంలోని డన్‌కర్క్, నీవ్‌పోర్ట్ రేవుల దగ్గరకు పెద్ద ఓడలు రాలేవు. ఆ రేవుల నుంచి పార్మా పడవలు కాపలా లేకుండా బయటికి రాలేవు. ఈ ఖాళీని పార్మా ముందే ఫిలిప్‌కు తెలిపాడు, అయినా రాజు పథకాన్ని మార్చలేదు.

రేవుకాపరి:

ఆ ఖాళీలో ఎవరు నిలబడ్డారో కూడా చెప్పాలి కదా! జస్టినస్ ఆఫ్ నాసౌ నాయకత్వంలో డచ్చివారి తేలికపాటి ఓడలు, ఫ్లైబోట్లు అనేవి, ఆ లోతు తక్కువ నీటిలో తిరుగుతూ డన్‌కర్క్, నీవ్‌పోర్ట్ ముఖాలను మూసేశాయి. ఇంగ్లీషు కథనాల్లో డ్రేక్, హోవార్డ్ పేర్లు మారుమోగుతాయి గానీ, వీరి ప్రస్తావన ఒక వాక్యంతో సరి. మదీనా సిదోనియా కలే నుంచి పార్మాకు పంపిన కబుర్లలో నలభై ఫ్లైబోట్లు పంపమని అడిగాడు. అవి పార్మా దగ్గర లేవు. ఉండి ఉంటే అతను తన పడవలకు వాటినే కాపలా పెట్టుకునేవాడు. ఒకరు అడిగేది మరొకరి దగ్గర లేదన్న సంగతి ఓడలు కలే చేరిన తరువాత గానీ స్పష్టం కాలేదు.

సమాచారం పోయిన తీరు మరీ దయనీయం. ఆర్మడా ఛానెల్‌లోకి వచ్చిందన్న నిశ్చితమైన కబురు పార్మాకు అందేసరికి అది కలే వాకిట నిలిచి ఉంది. పార్మా సైనికులను పడవలు ఎక్కించడానికి ఒకటిన్నర రోజు సరిపోయింది, ఆ పని చురుకుగానే జరిగింది. అయితే ఎక్కించడం మొదలుపెట్టిన 8వ తేదీ నాటికి గ్రావ్లీన్ పోరు జరుగుతోంది. పార్మా కావాలని జాప్యం చేశాడన్న ఆరోపణ అప్పుడే పుట్టింది, ఇప్పటికీ వినిపిస్తుంది. ఈ తేదీలను చూసినవారు ఆ నిందను నమ్మలేరు.

గాలివాటం:

రేవుకాపరి గారి మాటలు విన్న తరువాత కూడా ఒక సందేహం మిగిలే ఉంది. కలే దగ్గర వారం రోజులు ప్రశాంతంగా నిలవగలిగి ఉంటే, స్పానిష్ చిన్న ఓడలు కొన్ని డచ్చివారిని తరిమి దారి చేసేవేమో కదా. ఆ వారం దొరకకుండా చేసింది ఇంగ్లీషువారి వైపు నుంచి వీచిన గాలి, ఆ గాలిలో నిప్పంటించి వదిలిన ఓడలు. అందులో పథకం తప్పు ఎక్కడుంది?

పాతఫిరంగి:

నిప్పు ఓడల వల్ల స్పానిష్ ఓడ ఒక్కటీ కాలలేదు. భయమే పని చేసింది, ఆ భయానికి కారణం ఉంది. 1585లో యాంట్‌వర్ప్ ముట్టడిలో పార్మా కట్టిన వంతెన మీదికి జియాంబెల్లి అనే ఇటాలియన్ ఇంజినీరు పేలుడు మందు నింపిన ఓడను వదిలినప్పుడు వందలాది మంది స్పానిష్ సైనికులు ఒక్క క్షణంలో చనిపోయారు. ఆ జియాంబెల్లి ఇప్పుడు ఇంగ్లండ్ కొలువులో ఉన్నాడని ఆర్మడాలోని వారికి తెలుసు. కలే దగ్గర వచ్చినవి మామూలు నిప్పు ఓడలే అయినా, చీకట్లో ఆ తేడా ఎవరికి తెలుస్తుంది? లంగరు మోకులు నరికి చెదిరిపోయారు.

తెగిన ఆ లంగర్ల సంగతి గాలివాటం గారు గమనించాలి. చాలా ఓడలు తమ మంచి లంగర్లను కలే అడుగున వదిలేశాయి. స్కాట్లండ్ చుట్టూ తిరిగి ఐర్లండ్ తీరానికి చేరినప్పుడు, గాలివానలో తీరానికి దూరంగా నిలబడాలంటే కావలసింది లంగరే. స్లైగో దగ్గరి స్ట్రీడాగ్ తీరంలో మూడు ఓడలు బద్దలై వెయ్యి మందికి పైగా చనిపోయిన ఘటన సెప్టెంబరు గాలివానలో జరిగినదే, కానీ అంతటి నష్టానికి పునాది ఆగస్టు 7 రాత్రి పడింది. గ్రావ్లీన్‌లో గుండ్లు తిని నీరు కారుతున్న ఓడలు, అరకొర తిండితో నీరసించిన నావికులు, ఆ లంగర్లు, అన్నీ అక్కడ కలిశాయి.

తెరచాప:

తిండి, నీళ్ళ విషయం ఇంకా ముందుకు పోతుంది. 1587 వసంతంలో డ్రేక్ స్పెయిన్‌లోని కాదిజ్ రేవు మీద పడి ఓడలను కాల్చడం అందరికీ తెలుసు. ఆ తరువాత అతను పోర్చుగల్ నైరుతి కొస దగ్గర పట్టుకుని తగలబెట్టిన సరుకులో పీపాలు చేసే ఎండిన కొయ్య పలకలు పెద్ద మొత్తంలో ఉన్నాయి. పచ్చి కొయ్యతో చేసిన పీపాలలో నీరు కంపు కొట్టి, మాంసం కుళ్ళిపోయింది. ఉత్తర సముద్రంలో తలసరి నీళ్ళు, రొట్టె తగ్గించి, గుర్రాలనూ కంచరగాడిదలనూ సముద్రంలోకి తోసేయవలసి వచ్చింది. (ఆ యాత్ర నుంచి తిరిగి వస్తూ డ్రేక్ అట్లాంటిక్‌లోని అజోర్స్ దీవుల దగ్గర గోవా నుంచి వస్తున్న సావ్ ఫెలిపే ఓడను పట్టుకున్నాడు. దానిలోని మిరియాలు, బట్టల విలువ లక్ష పౌండ్లకు పైమాటే. 1611లో ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో అడుగుపెట్టడానికి దారితీసిన ఆశలలో ఆ సరుకుకూ చోటుందని నేను అనుకుంటాను, అది వేరే చర్చ.)

మదీనా సిదోనియా అసమర్థత గురించి ఎవరూ ఎత్తకపోవడం సంతోషం. తనకు సముద్రం పడదనీ ఈ పని తనకు వద్దనీ అతను రాజుకు ముందే రాశాడు. అయినా వరుసలు చెదరకుండా ఛానెల్ దాటించాడు.

గాలివాటం గారు 1596, 1597 నౌకాదళాలను ప్రస్తావించారు. అవి రెండూ అక్టోబరులో బయలుదేరినవి, ఆ కాలంలో బిస్కే సముద్రం ఎలా ఉంటుందో స్పెయిన్ నావికులకు బాగా తెలుసు. అంతకంటే ముఖ్యమైనది ఆ రెండింటి ఆజ్ఞలలోని మార్పు. 1597 దళం ఫ్లాండర్స్ సైన్యం కోసం ఎక్కడా ఆగనవసరం లేదు. సైనికులు ఓడల్లోనే ఉన్నారు, ముందుగా ఇంగ్లండ్‌లోని ఫాల్మత్ రేవును పట్టుకోవాలన్నది లక్ష్యం. ఫిలిప్ స్వయంగా పాత పథకంలోని కీలకాంశాన్ని వదులుకున్నాడు.

అతని కొడుకు మూడో ఫిలిప్ కాలంలో, 1601లో, ఇదే పద్ధతిలో ఐర్లండ్‌కు వెళ్ళిన దళాన్ని కూడా గాలివాన విడదీసింది, కొన్ని ఓడలు కొరున్నాకు తిరిగి వచ్చాయి. అయినప్పటికీ మిగిలినవి కిన్సేల్ రేవులో మూడు వేలకు పైగా సైనికులను దింపి ఆ పట్టణాన్ని ఆక్రమించాయి. ఆ సైనికులు తరువాత భూమి మీద ఓడిపోయారు, కానీ దిగగలిగారు. అదే గాలివానలు, అదే శత్రువు ఉండగా 1601లో సాధ్యమైన దిగుడు 1588లో ఎందుకు సాధ్యం కాలేదో గాలివాటం గారు వివరిస్తే వినడానికి సిద్ధంగా ఉన్నాను.