గ్రీకు కిరాయి సైనికులు నిజంగా పేదవాళ్ళేనా?

పాతరాతలు:
ఒక డౌట్ అండి. పాత గ్రీకు యుద్ధాల గురించి ఎక్కడ చదివినా కిరాయి సైనికులంటే తిండికి గతిలేక వచ్చినోళ్ళనే రాస్తున్నారు. కానీ హోప్లైట్‌గా (బరువైన ఆయుధాల కాలిబంటుగా) పోరాడాలంటే డాలు, ఈటె, కంచు హెల్మెట్ ఎవడిది వాడే కొనుక్కోవాలి కదా, అంత స్తోమత ఉన్నోడు పరాయి రాజు దగ్గర జీతానికి ఎందుకెళ్తాడు?

కొండదారి:
పేదరికం అబద్ధమేం కాదండి. క్రీ.పూ. 401లో పర్షియా రాకుమారుడు చిన్న సైరస్, అక్కడ రాజుగా ఉన్న తన అన్న మీదకి తీసుకెళ్ళిన పది వేల పైచిలుకు గ్రీకుల్లో సగానికి పైగా దక్షిణ గ్రీసులోని ఆర్కేడియా, అకాయా ప్రాంతాల వాళ్ళే. ఆర్కేడియా అంతా కొండలు, సాగుభూమి తక్కువ. క్రీ.పూ. 480లోనే కొందరు ఆర్కేడియన్లు బతుకుతెరువు వెతుక్కుంటూ పర్షియా చక్రవర్తి జెర్‌క్సిస్ దగ్గరికి వచ్చారని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. ఇక ఆయుధాలు సొంతవా, యజమాని ఇచ్చాడా అనేది చరిత్రకారులు ఇంకా తేల్చలేదు. దారిలో కిలికియా (ఇప్పటి టర్కీ దక్షిణ తీరం) రాణి ముందు చేసిన కవాతులో సైరస్ గ్రీకులందరూ కంచు హెల్మెట్లు, ఎర్ర చొక్కాల్లో ఉన్నారట, నాకైతే కొంత సైరస్ డబ్బే అనిపిస్తుంది.

సముద్రపుగాలి:
ఆ సైన్యంలోనే ఉండి దాని కథ రాసిన జెనఫోన్ మాత్రం ఎక్కువమంది లేమి వల్ల రాలేదు, సైరస్ మంచి పేరు విని వచ్చారు అంటాడు, కొందరు సొంత డబ్బు ఖర్చుపెట్టి మనుషుల్ని వెంటేసుకొచ్చారట, కొందరు అమ్మానాన్నల దగ్గర్నుంచి పారిపోయి వచ్చారట, ఇంకొందరు పిల్లల్ని వదిలి వాళ్ళకోసం సంపాదించుకెళ్దామని వచ్చారట. తన తోటివాళ్ళ పరువు కాపాడుతున్నాడు కాబట్టి పూర్తిగా నమ్మలేం. కిలికియాలోని టార్సస్ ఊళ్ళో సైనికులు ముందుకి కదలం అని మొండికేసి, నెలకి ఒక డారిక్ (పర్షియా బంగారు నాణెం) జీతం ఒకటిన్నర అయ్యాకే కదిలారు, డబ్బు పట్టనోళ్ళు అలా చెయ్యరు. నాయకుల సంగతి వేరు: క్లియార్కస్ స్పార్టా మరణశిక్ష వేసిన ప్రవాసి, ప్రోక్సెనస్ పేరున్న వక్తృత్వ గురువు గోర్గియస్‌కి ఫీజు కట్టి చదువుకున్నోడు.

పాతరాతలు:
థాంక్స్ ఇద్దరికీ. మరి బానిసలుగా బతికినోళ్ళు కూడా ఉన్నారా?

కొండదారి:
ఉన్నారు. సైరస్ యుద్ధంలో చనిపోయాక ఆ గ్రీకుల తిరుగు ప్రయాణంలో, నల్ల సముద్రం దగ్గరి మాక్రోన్లు అనే తెగ దేశంలో దారి ఆగిపోతే ఒక పెల్టాస్ట్ (తేలికపాటి డాలు, ఈటెల సైనికుడు) ముందుకొచ్చి, నేను ఏథెన్స్‌లో బానిసగా ఉన్నాను, వీళ్ళ భాష నాకు తెలుసు, ఇది నా దేశమే అనుకుంటా, మాట్లాడనా అన్నాడు. అతను మాట్లాడాక మాక్రోన్లు దారి ఇవ్వడమే కాదు, చెట్లు కొట్టి రోడ్డు కూడా వేశారు. అతని పేరు ఎవరూ రాయలేదు, నాకు ఆ ఒక్కటే బాధ.