ఆడించకముందే ఒక అడ్వెంచర్ విలువ తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న: మూడోసెషన్

అందరికీ నమస్కారం. ఏడాదిగా నలుగురు ప్లేయర్లతో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడిస్తున్నాను. బల్ల చుట్టూ కూర్చుని, నేను కథ చెబుతుంటే ప్లేయర్లు తలా ఒక పాత్రగా ఏం చేస్తారో చెబుతూ ఆడే ఆట ఇది. మొదట్లో కథలు సొంతంగానే అల్లుకునేదాన్ని. తర్వాత తీరిక తగ్గిపోయి, అచ్చయి వచ్చిన అడ్వెంచర్, అంటే ఆడించడానికి సిద్ధంగా కథ, మ్యాపులు ఉండే పుస్తకం, ఒకటి కొన్నాను. రెండు వందల పేజీల పైనే ఉంది. బొమ్మలైతే చూపు తిప్పుకోనివ్వవు. రివ్యూలన్నీ ఒకటే పొగడ్త. నేనూ చదివి మురిసిపోయాను.

మూడో సెషన్‌లో బోల్తా పడింది. మేయర్ దగ్గరికెళ్లి పని ఒప్పుకోవాల్సిన ప్లేయర్లు మేయర్ మీదే అనుమానపడి, రాత్రిపూట అతని ఇంట్లో దూరారు. ఆ ఇంటికి మ్యాప్ లేదు. మేయర్‌కి తెలిసిన సంగతులు సగం 31వ పేజీలో, మిగతా సగం 118వ పేజీలో ఉన్నాయి. నేను పేజీలు తిప్పుతూ ఉంటే ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు తీశారు. ఆ రోజు నాకు చాలా బాధేసింది. వాళ్లు అంత మంచి ఆలోచన చేస్తే, దాన్ని అందుకోవడానికి నా చేతిలో ఏమీ లేదు.

ఇప్పుడు ఇంకొకటి కొనాలనుకుంటున్నాను. మీరైతే ఒక అడ్వెంచర్ మంచిదో కాదో ఎలా తేలుస్తారు? కథ చూస్తారా, మ్యాపులు చూస్తారా, ఇంకేమైనానా?

జవాబు: ఇరవైముఖాలు

ముందుగా ఒక మాట. అది మీ లోపం కాదండీ. ఆ పుస్తకాన్ని చదువుకోవడానికి రాశారు, ఆడించడానికి రాయలేదు. రివ్యూల్లో ఈ తేడా బయటపడదు. కొత్త పుస్తకం వచ్చిన వారానికే రివ్యూలు వచ్చేస్తాయి. రెండు వందల పేజీల అడ్వెంచర్‌ని వారంలో ఎవరు ఆడించి ఉంటారు? అందుకే నేను రివ్యూలో "మా ప్లేయర్లు ఇక్కడ ఇలా చేశారు" అనే వాక్యం కోసం వెతుకుతాను. అలాంటిది ఒక్కటీ లేకపోతే, చదివి రాసిన రివ్యూ అనుకుని పక్కన పెట్టేస్తాను.

నేను పదిహేడేళ్లుగా ఆడిస్తున్నాను. కొనేముందు ప్రివ్యూలో ఎక్కడో మధ్యలో ఒక గది తెరుస్తాను. ముందు కథేంటో చూడను. ఆ గది గురించి ఒక్క నిమిషం చదివి మూసేస్తాను. ఇప్పుడు ప్లేయర్లు తలుపు తోసుకుని వస్తే, మళ్లీ పుస్తకం తెరవకుండా పది నిమిషాలు ఆడించగలనా? నా దృష్టిలో విలువంటే చాలావరకు ఇదే.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ రాసిన 'ది కీప్ ఆన్ ద బోర్డర్‌ల్యాండ్స్' చూడండి. కొత్తగా ఆడేవాళ్ల కోసం అమ్మిన పాత బేసిక్ సెట్ పెట్టెలో వచ్చేది. సన్నటి పుస్తకం, సాదా వాక్యాలు. కోటలో ఉండేవాళ్లకి పేర్లు కూడా ఇవ్వలేదు. అది నిజంగానే లోపం. అందరికీ నేనే పేర్లు పెట్టుకోవాల్సి వచ్చింది. కానీ గుహల్లో ఒకచోట గాబ్లిన్లు అనే చిన్న దుష్ట జీవుల కాపలా గది ఉంది. దాన్ని ఆనుకుని రహస్య తలుపు, తలుపు అవతల ఓగర్ అనే ఒక భారీ రాక్షస జీవి. ప్రాణం మీదికొస్తే గాబ్లిన్లు 250 బంగారు నాణేల సంచీని ఓగర్‌కి విసిరి సాయానికి పిలుస్తాయి. అంతకంటే ఎక్కువ ఇస్తామని ఇంకెవరైనా అంటే ఓగర్ దాదాపు ఖాయంగా అటే తిరుగుతుంది. ఇదంతా కొద్ది వాక్యాల్లోనే ఉంది.

మా ఆటలో ఏమైందంటే, గాబ్లిన్ సంచీ విసరగానే దొంగ పాత్ర ఆడుతున్న అమ్మాయి "దాన్ని గాల్లోనే పట్టుకుంటా" అంది. ఇరవై ముఖాల డైస్ వేస్తే 19 పడింది. ఆ సంచీతోనే లోపలికెళ్లి, తన దగ్గరున్న నాణేలు కూడా కలిపి ఓగర్ ముందు కుమ్మరించి, "ఇక నువ్వు మా మనిషివి" అంది. గాబ్లిన్ల డబ్బుతో గాబ్లిన్ల మీదికే ఓగర్‌ని తోలారన్నమాట. ఆ సాయంత్రం గంటన్నర పాటు ఎవరూ కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. నేను ముందుగా తయారు చేసుకున్నది ఏమీ లేదు.

ఆ గది ఎందుకు పనిచేసింది? అక్కడున్నవాళ్లకి ఏం కావాలో, దానికోసం ఏం చేస్తారో రాసి ఉంది కాబట్టి. ప్లేయర్లు ఎటువైపు నుంచి వచ్చినా ఆ రెండూ తెలిస్తే చాలు. మీ మేయర్‌కి మూడు తరాల చరిత్ర ఇచ్చి ఉంటారు. రాత్రి తలుపు చప్పుడైతే అతను కత్తి అందుకుంటాడా, కేకలేస్తాడా, కిటికీలోంచి దూకుతాడా అన్నది మాత్రం ఇచ్చి ఉండరు. మీకు కావాల్సింది అదే.

మ్యాప్ మీద కూడా ఒకసారి వేలుపెట్టి నడవండి. మొదటి ద్వారం నుంచి చివరి గది వరకు ఒకటే దారి ఉంటే గదులెన్ని ఉన్నా అది వరండానే. దారులు విడిపోయి మళ్లీ కలుస్తుంటే ప్లేయర్లకి పారిపోవడానికి, వెనకనుంచి రావడానికి వీలుంటుంది. ఇక బాక్సులో పెట్టి "చదివి వినిపించండి" అనే వర్ణనలు మూడు నాలుగు వాక్యాలు దాటితే నాకు నచ్చదు. ప్లేయర్లు వినడం మానేస్తారు. "మీకు వెన్నులో వణుకు పుట్టింది" అని వాళ్ల భయం కూడా పుస్తకమే చెప్పేస్తే ఇంకా కష్టం.

జవాబు: చీకటికోట

పైన చెప్పినదాంట్లో చాలావరకు నిజమే. కానీ గది ఒక్కటే కొలత అంటే ఒప్పుకోను. కొన్ని అడ్వెంచర్ల బలం వాటి మొత్తం నిర్మాణంలో ఉంటుంది. 1983లో ట్రేసీ, లారా హిక్‌మన్ దంపతులు రాసిన 'రేవెన్‌లాఫ్ట్' 32 పేజీలే. అందులో జోస్యం చెప్పే కార్డులు తీసే ఘట్టం ఉంటుంది. పడిన కార్డుల్ని బట్టి కీలకమైన వస్తువులు కోటలో ఎక్కడున్నాయో, ఆ కోటని ఏలే రక్తపిశాచి ప్రభువు స్ట్రాడ్ ఏం కోరుకుంటున్నాడో మారిపోతాయి. నేను మూడు గ్రూపులతో ఆడించాను, మూడూ మూడు వేర్వేరు ఆటలయ్యాయి. ఈ సంగతి ఏ ఒక్క గది చదివినా తెలియదు. 2016లో దాన్నే 'కర్స్ ఆఫ్ స్ట్రాడ్'గా 256 పేజీలకి పెంచినప్పుడు కూడా ఆ కార్డుల్ని వదల్లేదు.

ఇంకో సంగతి, దేనికోసం రాశారో చూడండి. 'టూంబ్ ఆఫ్ హారర్స్' క్లాసిక్ అని ఎవరో చెబితే నా మొదటి గ్రూపుకి ఆడించాను. 1978లో అచ్చవకముందే, 1975లో ఆరిజిన్స్ అనే ఆటల సమావేశంలో టోర్నమెంట్‌గా ఆడించిన అడ్వెంచర్ అది. ఆ సాయంత్రానికి తీసుకున్న క్యారెక్టర్ చచ్చిపోయినా టోర్నమెంట్‌లో పరవాలేదు. మావాళ్లు రెండేళ్లుగా పెంచుకున్న క్యారెక్టర్లు అందులో పోయాయి. ఒకతను నెల రోజులు ఆటకి రాలేదు. పుస్తకం తప్పేం లేదు, నేనే దాన్ని తప్పు చోట పెట్టాను.

జవాబు: పాతఉత్తరం

నేను ఎక్కువగా కాల్ ఆఫ్ కథుల్హూ ఆడిస్తాను. ప్లేయర్లు ఆధారాలు వెతుకుతూ భయానక రహస్యాల్ని ఛేదించే ఆట అది. ఇన్వెస్టిగేషన్ అడ్వెంచర్లకి నా పరీక్ష వేరు. ప్లేయర్లకి తప్పకుండా తెలియాల్సిన సంగతి ఒకటి పట్టుకుని, అది ఎన్నిచోట్ల దొరుకుతుందో లెక్కపెడతాను. ఒక్కచోటే దొరికి, అది కూడా డైస్ సరిగ్గా పడితేనే అంటే అక్కడ ఆట ఆగిపోయినట్టే. 1984లో వచ్చిన 'మాస్క్స్ ఆఫ్ న్యార్లథోటెప్' ఇప్పటికీ నిలబడిందంటే కారణం ఇదే. న్యూయార్క్‌లో మొదలయ్యాక లండన్‌కి, కైరోకి, కెన్యాకి, షాంఘైకి ఆధారాలు దారితీస్తాయి. ముందు ఎటు వెళ్లాలన్నది ప్లేయర్ల ఇష్టం. చేతికిచ్చే ఉత్తరాలు, పేపర్ కటింగులు కూడా బోలెడు. కాగితం చేతిలో పడగానే నలుగురూ దాని మీదికి వంగుతారు. నేను నోటితో చెప్పినప్పుడు ఎప్పుడూ అలా వంగలేదు.

మూడోసెషన్

అందరికీ థ్యాంక్స్. నిన్న రెండు అడ్వెంచర్ల ప్రివ్యూలు తీసి గది పరీక్ష పెట్టాను. మొదటిదాంట్లో ఒక గుడి గది గురించి పేజీన్నర ఉంది. ఆ గుడి ఎవరు కట్టారో, ఎప్పుడు పాడుబడిందో అంతా ఉంది. ఇప్పుడు లోపల ఎవరున్నారన్నది చివరి వాక్యంలో ఉంది. రెండోదాంట్లో ఒక పడవ రేవు, మొత్తం ఎనిమిది లైన్లు. పడవ నడిపే ముసలాయనకి తమ్ముడి శవం కావాలి, అది తెచ్చేవరకు ఎవరినీ అవతలికి దాటించడు. చదివి మూసేశాక కూడా ఆ రేవు నా కళ్లముందే ఉంది. రెండోదే కొంటున్నాను.

ఒక సందేహం మిగిలింది. మా వాళ్లు ఇంకా మేయర్ ఇంట్లోనే ఉన్నారు. కథ అక్కడే వదిలేసి కొత్తది మొదలుపెట్టనా?

ఇరవైముఖాలు

వద్దండీ. వాళ్లు ఇష్టపడి దూరిన ఇల్లు అది. నాలుగు గదులు గీయండి, వెనక ఒక తలుపు పెట్టండి. మేయర్‌కి ఏం కావాలో ఒక్క లైన్ రాసుకోండి. అతని బల్ల మీద ఆ పడవ రేవు నుంచి వచ్చిన ఉత్తరం ఒకటి ఉంచండి. ఉత్తరాన్ని నిజంగా కాగితం మీద రాసి వాళ్ల చేతికివ్వండి.