ఈ వారం సమస్య: గాలి లేనిచోటఁ గాలె నిప్పు

నిర్వాహకుడు: పదో తరగతి శ్వాసక్రియ పాఠం చదువుతుంటే తట్టిన పాదమిది. ఇదే చివరి పాదంగా మిగతా పద్యం మీరు పూరించాలి. కణం చక్కెరను కాల్చుకునే తీరు మీదే పూరణలు రావాలి. పొయ్యిలు, కార్చిచ్చులు వద్దు. పై పాదాల్లో ప్రశ్నలు పేర్చి, చివరి పాదంలోని మాటలనే వరుసగా జవాబులు చేసే క్రమాలంకారంతో తప్పించుకోవద్దు.

గోదారిగట్టు:
కుండలోని కల్లు నిండుగఁ బొంగెను
ఈస్టు చేరి తీపి నీడ్చి పీల్చె
మత్తు మిగిలె, బుడగ మెత్తగాఁ బైకెక్కె
గాలి లేనిచోటఁ గాలె నిప్పు

జీవరసం: మూడో పాదం అందంగా ఉంది. మత్తు ఆల్కహాలు, బుడగ కార్బన్ డయాక్సైడ్, రెండూ ఒక్క పాదంలో ఇమిడాయి. కానీ కల్లుకుండ మూతి తెరిచే ఉంటుంది కదా, గాలి లేనిచోటు ఎక్కడిది? పైగా తీపి దండిగా దొరికితే ఈస్టు గాలి ఉన్నా పులియబెట్టే దారే పడుతుంది. దాన్నే క్రాబ్‌ట్రీ ప్రభావం అంటారు. నిరుడు పెరుగు సమస్యలోనూ మీరింతే, పాలు తోడుకోవడాన్ని ఈస్టుకు అంటగట్టారు. అది లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పని.

గోదారిగట్టు: పెరుగు సంగతి ఇక్కడెందుకండీ? ఆ పద్యాన్ని అందరికంటే ముందు మెచ్చుకున్నది మీరే.

పాలపిట్ట:
పరుగు పందెమందుఁ దరుగఁగ నూపిరి
తొడల కండ దంచెఁ బొడిగఁ దీపి
ఒక్క చక్కెరకును దక్కె రెండేటిపీ
గాలి లేనిచోటఁ గాలె నిప్పు

గోదారిగట్టు: "ఏటిపీ" ఏమిటమ్మా? కణానికి శక్తినిచ్చే ఏటీపీలో "టీ" దీర్ఘం. గణం కోసం కుదించేశారు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1929లో వెలికితీసిన పదార్థమది. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా కనుక్కున్నాడు. తెలుగు పద్యంలోకి వచ్చినప్పుడైనా పూర్తి పేరుతో రావాలి.

పాలపిట్ట: మూడో పాదం ఇలా చదవండి:
రెండు కాసు లబ్బె, నిండె నామ్లంబంత

జీవరసం: ఇదే మేలు. గాలి అందితే కణంలోని శక్తి కేంద్రమైన మైటోకాండ్రియాలో ఒక్క గ్లూకోజుకు ముప్పై దాకా ఏటీపీలు వచ్చేవి, ఇక్కడ నికరంగా రెండే. "కాసు లబ్బె" అన్నాక ఆ పేదరికం తెలుస్తోంది. ఒక్కటే కొరత. "నిండె" అనేసరికి మీరు ఆమ్లమన్న ఆ లాక్టేట్ ఉత్త చెత్తలా కనిపిస్తోంది. చక్కెర చీలగా వచ్చే పైరువేటు లాక్టేటుగా మారితేనే, ఆ చీల్చే పనికి కావలసిన ఎన్‌ఏడీ అనే సహాయక అణువు తిరిగి చేతికొస్తుంది. అది రాకపోతే ఆ రెండు కాసులూ ఆగిపోతాయి. ఇక నా పూరణ:

ఎఱ్ఱకణము మోయు నెల్లర యూపిరి
తనకు నొక్క గుక్క కొనదు చూడు
తీపి చీల్చి బతుకుదీపము వెలిగించె
గాలి లేనిచోటఁ గాలె నిప్పు

పాలపిట్ట: "తనకు నొక్క గుక్క కొనదు" దగ్గర ఆగిపోయాను. మన ఎర్ర కణంలో మైటోకాండ్రియా ఉండదని ఎన్నోసార్లు చదివాను, ఇంత చక్కగా ఎవరూ చెప్పలేదు. నాలుగు నెలల ఆయుష్షంతా ఆ రెండు కాసుల మీదే!

గోదారిగట్టు: పద్యం బాగుంది, కాదనను. కానీ నా కుండ మూతి తెరిచి ఉందన్న మీరే, ఒంట్లో ఆక్సిజన్ అన్నిటికంటే కిక్కిరిసిన కణాన్ని "గాలి లేనిచోటు" అంటారా? నాకో న్యాయం, మీకో న్యాయమా? ఇదిగో, నా మొదటి పాదం మారుస్తున్నాను:
కుండమూతి కట్టి యుండఁగాఁ బొంగెను

పాలపిట్ట: అన్నగారూ, పొంగే కల్లుకు మూతి బిగించి కడితే ఆ వాయువంతా ఎటు పోవాలి? కుండ పగులుతుంది. పాత పాదమే ఉంచండి. లోపల లేచే కార్బన్ డయాక్సైడే కల్లులోని ఆక్సిజన్‌ను బయటికి నెట్టేస్తుంది, "బుడగ మెత్తగాఁ బైకెక్కె" అని మీరే రాశారు కదా.

నిర్వాహకుడు: పాలపిట్ట గారి మాటతో కల్లుకుండ పాత పాదంతోనే నిలుస్తుంది. జీవరసం గారి పద్యం ఈ వారం అన్నిటికంటే మంచి ఊహ, సందేహం లేదు. కానీ గోదారిగట్టు గారి అభ్యంతరం న్యాయమైనదే. గాలి ఉండీ ఆ కణానికి లేనట్టేనని మూడో పాదంలో ఎక్కడో వినబడాలి. "బతుకుదీపము" తీసేసి అక్కడ చోటు చేసుకోండి. ఆదివారం రాత్రి వరకు గడువు.